సున్నపు వేలు

కాల్చిన గుల్ల నీళ్ళు తాగే చప్పుడు శ్రీనివాసన్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. బానలో గుల్ల పోసి చెంబుతో నీళ్ళు వంచితే ముందు ఏమీ కాదు. కాసేపు ఊరకే ఉంటుంది. తర్వాత అడుగున ఎక్కడో చిటపటమంటుంది, ఆవిరి లేస్తుంది, గుల్లలు విచ్చుకుని పోసిన నీళ్ళన్నీ పీల్చేసుకుంటాయి. ఇంకా కావాలన్నట్టు పైన నోళ్ళు తెరుస్తాయి. వాటి దాహం తీరి, వెన్నలాంటి సున్నంగా మారేదాకా పోస్తూనే ఉండాలి. మొహం మాత్రం పక్కకు తిప్పుకోవాలి.

ఆ ఉదయం పెరట్లో అలా మొహం తిప్పుకుని నీళ్ళు పోస్తుంటే, తిప్పుకున్న వైపు నుంచి కూడా నీళ్ళు తాగే చప్పుడే వినిపించింది. బట్టలుతికే తొట్టిలో మూతి పెట్టి కుక్క జాజి తాగుతోంది.

"చాల్లేవే. పొద్దున్నించీ అదే పనిగా ఉండావు. కడుపు పగిలిపోతాది."

జాజి తల ఎత్తింది. గడ్డం నుంచి నీళ్ళు కారుతుండగా ఆయన వైపు చూసింది. చూసి, మాట వినలేదన్నట్టు మళ్ళీ మూతి ముంచింది.

గుడియాత్తం మార్కెట్ వీధిలో శ్రీనివాసన్‌ది ఆకు వక్క అంగడి. ముందు అంగడి, వెనక ఒక గది, ఆ వెనక పెరడు. తడి గోనెలో తమలపాకులు, డబ్బాల్లో వక్కలు, మూత పెట్టిన మట్టి బానలో గుల్ల సున్నం. పెళ్ళిళ్ళకు కట్టలు కట్టలుగా ఆకులు పోతాయి. మిగతా రోజుల్లో రోజూ వచ్చే ముసలివాళ్ళు, లారీల వాళ్ళు. వాళ్ళకు ఆకు ఆయనే తుడిచి, ఈనె తీసి, కుడిచేతి చూపుడు వేలితో సున్నం పూసి మడిచి ఇస్తాడు. ఆ పనికి పుల్ల వాడేవాళ్ళను చూస్తే ఆయనకు నవ్వొస్తుంది. ఏ ఆకుకు ఎంత సున్నం పడుతుందో వేలికే తెలుస్తుంది. అందుకే ఆ వేలు తెల్లగా, కొన దగ్గర పొరలు పొరలుగా ఉంటుంది. గోటి సందులో ఇరుక్కున్న తెలుపు ఎంత కడిగినా పోదు.

సాయంత్రం షటరు సగం దించి గడప మీద కూర్చుంటే జాజి వచ్చి పక్కన పడుకుంటుంది. ఆ వేలు వెతుక్కుని నాకుతుంది. అది నాకుతుంటే ఈయన ఆ రోజు సంగతులు చెబుతాడు. వీధంతా తమిళం. అమ్మ పోయిన తర్వాత ఆ ఇంట్లో తెలుగు మాట వినేది జాజి ఒక్కటే. జాజికాయ రంగు కుక్కపిల్లకు ఆ పేరు పెట్టింది కూడా అమ్మే.

ఎండలు మండిపోతున్నాయి కదా, మనుషులకే నోరు పిడచకట్టుకు పోతుంటే కుక్క తాగదా అనుకున్నాడు మొదట్లో. కానీ పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ లేనిది, జాజి గదిలోనే తడిపేసింది, అదీ ఆకుల గోనె మీద. పెళ్ళివాళ్ళ కోసం తెప్పించిన ఆకులు. శ్రీనివాసన్ ఆ తడి గోనెతోనే దాని వీపు మీద ఒక దెబ్బ వేశాడు. అది అరవలేదు. తల కిందికి వేసి, గోడ మూలకు పోయి నిలబడింది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. దెబ్బకా, మరి దేనికా అని అప్పుడు ఆయన ఆలోచించలేదు.

దాని మెడ కింది గడ్డలను ముందు చూసింది మారియమ్మ. అంగడి అరుగు మీద ఒక వైపు కూర్చుని మల్లెపూలు కట్టి అమ్ముతుంది ఆమె. ఒడిలోని పూలు తీసి పక్కన పెట్టి, జాజి దవడ కింద చేయి పెట్టి చూసింది.

"ఏం శెట్టియారే, దీనికి గవద బిళ్ళలా? ఇటూ అటూ నిమ్మకాయలు పెట్టినట్టున్నాయి."

శ్రీనివాసన్ వచ్చి తడిమాడు. గట్టిగా, చర్మం కింద జారుతూ, రెండు వైపులా ఉన్నాయి. జాజి ఆ చేయి దొరికిందే చాలని వేలు నాకడం మొదలుపెట్టింది.

*

వేలూరు సత్తువాచారిలో కలెక్టరాఫీసు దాటి లోపలి వీధిలో ఉంది ఆ జంతువుల క్లినిక్. తెలిసినవాడి గూడ్స్ ఆటోలో గోనె పరిచి తీసుకువచ్చాడు. బల్లల మీద గొలుసులు పట్టుకున్న మనుషులు, బుట్టల్లో పిల్లులు. జాజి బల్ల కిందికి దూరి వణుకుతూ పడుకుంది.

"భయపడొద్దులేమ్మా. సూదేసి పంపించేస్తారు. నేనుండా గదా," అన్నాడు వంగి.

"మీరు తెలుగాప్పా?"

నీలం కోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో సన్నటి గాజు గొట్టాలతో నిలబడి ఉంది. ఆ ల్యాబులో రక్తాలు పరీక్ష చేసేది ఆమే. పేరు జీవిత.

"అవునమ్మా. నువ్వు?"

"మాది నాట్రంపల్లి. ఇంట్లో తెలుగే. చదివింది అంతా తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం ఒకటి రాదు."

"నాకు మాత్రం వస్తాదా. చూసి నేర్చుకునేదానికి తెలుగు బోర్డు ఒకటైనా యాడుంది మనూర్లో."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ పూటంతా శ్రీనివాసన్‌కు ఎందుకో ధైర్యంగా ఉంది.

డాక్టర్ సెల్వకుమార్ జాజిని బల్ల మీద నిలబెట్టి దవడ కింద, భుజాల ముందు, మోకాళ్ళ వెనక నొక్కి చూశాడు. అన్నిచోట్లా గడ్డలున్నాయి. నీళ్ళు బాగా తాగుతుందా అని తమిళంలో అడిగాడు. "కాల్చిన గుల్ల తాగినట్టు తాగుతుందయ్యా," అన్నాడు శ్రీనివాసన్. డాక్టరు చెవుల్లో స్టెతస్కోపు ఉంది, ఆ మాట వినలేదు.

జీవిత జాజి ముందుకాలికి పట్టీ కట్టి, వెంట్రుకలు కొంచెం గొరిగి, సూది పెట్టింది. జాజి కదలబోయి శ్రీనివాసన్ వేలు అందుకుంది. నాకుతూ, నాకుతూ, సూది సంగతే మరిచిపోయింది.

"మీ వేలు ఉంటే కదలకుండా ఉండాదప్పా. అట్లే పెట్టండి," అంది జీవిత.

ఆయన అట్లే పెట్టాడు. రక్తం గొట్టంలోకి నల్లగా దిగింది.

"ముందు రక్తం చూద్దాం. ఫోన్ చేస్తాం, అప్పుడు మళ్ళీ తీసుకురండి. ఈ గడ్డల్లో సూది పెట్టి చూడాల్సి ఉంటుంది," అన్నాడు డాక్టరు.

*

ఫోను మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చింది. అంగడి ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. శ్రీనివాసన్ ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించుకుని, కుడిచేత్తో బానలో సున్నం తీస్తున్నాడు.

"అప్పా, నేను జీవితను. సత్తువాచారి నుంచి. జాజి రక్తం చూసినామప్పా. రక్తంలో సున్నం ఎక్కువగా ఉండాది."

"ఏమెక్కువ?"

"సున్నం. సున్నం బాగా ఎక్కువ. అందుకే అట్ల నీళ్ళు తాగతా ఉండాది. సారు వెంటనే పిలుచుకొని రమ్మన్నారు. రేపు పొద్దున వస్తారా?"

"సరిమ్మా," అన్నాడు.

ఫోను పెట్టేసి చూసుకుంటే వేలు ఇంకా బానలోనే ఉంది.

సున్నం ఏం చేస్తుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆకులో పిసరెక్కువైతే నాలుక పొక్కుతుంది. చేతి పగుళ్ళలోకి దిగితే తోలు ఊడుతుంది. అలాంటిది రోజూ, ఇన్నేళ్ళు, నాలుకతో అద్దుకుని మింగింది. లోపల పేరుకున్నది నీళ్ళడుగుతోంది. బానలో గుల్ల అడగదా, అట్లాగే. గోనె మీద తడిపింది అందుకే. కాళ్ళు వణికింది అందుకే. ఆ తడిపినందుకు తను వేసిన దెబ్బ గుర్తొచ్చింది. చిక్కు విప్పబోతే దారమంతా ఒక్క లాగుకు వచ్చేసినట్టు, అన్నీ వచ్చి ఆ వేలి దగ్గర ఆగాయి.

"ఏమన్నారు?" అంది మారియమ్మ.

"రక్తంలో సున్నం ఉందట."

ఆమె చేతిలో దారం ఆగింది. "ఉండదా మరి, శెట్టియారే. సాయంత్రమైతే మీ చెయ్యి వదలదు కదా. నేను రోజూ చూస్తూనే ఉన్నా." ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్న మాటే అంది, మళ్ళీ పూలు అందుకుంది.

మరునాడు ఆయన వేలూరు పోలేదు. పోయి ఏమని చెప్పాలి? ఆ తెలుగు పిల్ల మొహం చూసి, నా చేత్తో నేనే పెట్టానమ్మా అని చెప్పాలా? అయినా డాక్టరు మాత్రం ఏం చెబుతాడు, సున్నం మానెయ్యమంటాడు. అదేదో తనే చేస్తే పోతుంది. ఆ ఆలోచన రాగానే ఊపిరి తేలికపడింది. కారణం తెలిసిన జబ్బు సగం తగ్గినట్టే కదా.

చేతులు కొబ్బరినూనె రాసి తోమాడు, సీకాయ రాసి తోమాడు. గోటి సందులో తెలుపు పోలేదు. సాయంత్రం జాజి గడప దగ్గరకు వచ్చి చెయ్యి కోసం వెతికింది. ఆయన చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. అది అటువైపు నుంచి వచ్చింది. లేచి నిలబడ్డాడు. అది కూర్చుని, తల ఒక పక్కకు వంచి, ఆయన చేతినే చూసింది. ఏదో తప్పు చేసిందనుకున్నదేమో, మొన్న గోనె తడిపినప్పుడు నిలబడ్డ మూలకే పోయి పడుకుంది.

అంగడిలో ఉంచితే ఇది మానేది కాదు అనుకున్నాడు శ్రీనివాసన్.

*

ఆకులు తెచ్చే వ్యాను పోతూ వస్తూ మేల్పాడి మీదుగానే తిరుగుతుంది. అక్కడ ఆయన అక్క కస్తూరమ్మకు చెరుకు తోట, రెండు ఆవులు, చుట్టూ కంచె ఉన్న ఇల్లు ఉన్నాయి. జాజితో అక్కడ దిగగానే శ్రీనివాసన్ ఇంటి గోడలు తడిమి చూశాడు.

"ఏందిరా అది, పెండ్లికూతుర్ని చూసినట్టు గోడల్ని చూస్తావు?"

"సున్నం కొట్టించినావా అక్కా?"

"పెయింటురా. సున్నం కొట్టే కాలం యాడికో పోయింది. ఇప్పుడు ఎవురు కొడతారు?"

విషయమంతా చెప్పాడు. కస్తూరమ్మ జాజి తల నిమురుతూ విన్నది.

"కొన్ని దినాలు ఈడుంటే లోపలుండేది దిగిపోతాది. నీళ్ళు మాత్రం తక్కువ పెట్టు. నీళ్ళు తగిలితేనే గదా సున్నం ఉడికేది," అన్నాడు.

"నీళ్ళు తక్కువనా? ఈ ఎండకా?"

"చెప్తే వినక్కా. సున్నం సంగతి నాకు తెలుసు."

"సరేలే. సున్నం శెట్టియారు చెప్పినాక ఇంకేముండాది," అంది ఆమె.

జాజిని వేపచెట్టుకు కట్టారు. వ్యాను కదిలేటప్పుడు అది అరుస్తుందనుకుని ఆయన తల తిప్పుకున్నాడు. అది అరవలేదు. తాడు బిగిసేదాకా వచ్చి నిలబడింది. ఆయన కుడిచెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాట్పాడి దాటిన తర్వాత డ్రైవరు, "చేతికేమైందన్నా?" అని అడిగేదాకా అది బిగించే ఉందని తెలియలేదు.

ఆ తర్వాత రోజులు అంగడి ఎప్పటిలాగే నడిచింది. ఆయన మాత్రం సున్నం పుల్లతో పూయడం మొదలుపెట్టాడు. జాజి తిరిగి వచ్చేసరికి వేలు శుభ్రంగా ఉండాలి. రోజూ వచ్చే లారీ డ్రైవరొకడు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఏం శెట్టియారే, ఈ రోజు ఆకు ఇంకెవరో చేసినట్టుంది."

"వేలు నొప్పి," అన్నాడు.

ఒక ఉదయం తొట్టిలో నీళ్ళు పడుతూ "చాల్లేవే" అన్నాడు. అన్న తర్వాత పెరట్లో ఎవరూ లేరని చూసుకున్నాడు. కొళాయి కట్టేశాడు. పొద్దున్నించీ తను నోరు తెరిచి తెలుగు మాట అనడం అదే మొదటిసారి.

సాయంత్రాలు అక్కకు ఫోను చేసేవాడు.

"ఏం చేస్తా ఉండాది?"

"కంచె తలుపు కాడనే పండుకొనుండాది. దోవ చూస్తా ఉండాది."

"తినిందా?"

"సంగటి పెడితి. మూతి కూడా పెట్టలేదురా. సన్నగా అయిపోతా ఉండాది."

"సున్నం దిగతా ఉండాది గదా, అందుకే. దిగినాక తింటాది."

ఫోనులో ఆవు మెడ గంట వినిపించింది.

క్లినిక్ నంబరు నుంచి ఫోను మోగేది. ఆయన దాన్ని బోర్లించి, మోగడం ఆగేదాకా వక్కలు ఏరేవాడు. ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి వచ్చింది. ఎవరో పెళ్ళివాళ్ళనుకుని ఎత్తాడు.

"అప్పా, జీవితను. ఇది నా సొంత నంబరు. పెట్టేయొద్దండి."

"చెప్పమ్మా."

"ఎందుకప్పా రాలేదు? సారు రోజూ అడగతా ఉండారు. జాజి ఎట్లుండాది?"

"పరవాలేదమ్మా. సున్నం లేని చోటికి పంపించేసినా."

"సున్నం లేని చోటంటే?"

ఇక దాచడం ఆయన వల్ల కాలేదు. "నాది ఆకు వక్క అంగడి పాపా. చేతి నిండా సున్నమే. అది రోజూ నా వేలు నాకతా ఉన్నింది. నువ్వు గూడా చూసినావు గదా ఆ దినం. నువ్వు ఫోన్ చేసి చెప్పినప్పుడు తెలిసింది. తప్పు నాదే. ఇంక దాని దగ్గరికి సున్నం పోదు."

అటువైపు ఎక్కడో బస్సు హారన్ వినిపించింది.

"అప్పా," అంది చివరికి. "నేను చెప్పింది ఆ సున్నం కాదప్పా."

"ఇంకేం సున్నమమ్మా?"

"ఫోన్లో వద్దు. రేపు జాజిని పిలుచుకొని రండి. మీకు దండం పెడతాను, రండి."

*

మేల్పాడిలో జాజి వేపచెట్టు కింద పడుకుని ఉంది. ఆయన్ను చూసి తోక ఆడించింది కానీ లేవలేదు. దాని మూతి ముందు వెడల్పాటి ఇత్తడి పళ్ళెం, నిండా నీళ్ళు.

"నీళ్ళు తక్కువ పెట్టమంటి గదక్కా."

"నువ్వు అంటివి. దాని మొహం చూసినాక పెట్టకుండా ఎట్లుండేదిరా?" అంది కస్తూరమ్మ. "తిట్టుకుంటే తిట్టుకో."

శ్రీనివాసన్ తిట్టలేదు. రెండు చేతులా ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు. ఎత్తుకుంటే తెలిసింది ఎంత తేలికైపోయిందో.

డాక్టరు ఈసారి ఎక్కువ మాట్లాడలేదు. దవడ కింది గడ్డలో సన్నటి సూది పెట్టి, వచ్చినదాన్ని గాజు పలక మీద పూసి జీవితకు ఇచ్చాడు. ఆమె లోపలికి తీసుకుపోయింది. తర్వాత డాక్టరు కూడా లోపలికి పోయి వచ్చాడు. జాజి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని తమిళంలో చెప్పాడు. లింఫోమా అన్నాడు. క్యాన్సర్ అన్నాడు. కాల్షియం అన్నాడు, కిడ్నీలు అన్నాడు. మంచివాడే, మెల్లగానే చెప్పాడు. క్యాన్సర్ అన్న మాట శ్రీనివాసన్‌కు తెలుసు. మిగతా మాటలు వచ్చి తగిలి పోతున్నాయి. సున్నం అన్న మాట కోసం చూస్తున్నాడు. అది రాలేదు.

వెనక వరండాలో జాజికి సెలైన్ పెట్టారు. జీవిత వచ్చి నేల మీదే, జాజికి అటువైపు కూర్చుంది.

"బళ్ళో మా టీచరు సుణ్ణాంబుచ్చత్తు అని చెప్పేదప్పా. పాలల్లో ఉండాది, ఎముకల్లో ఉండాది అని. దాన్నే కాల్షియం అంటారు. తమిళంలో అయితే నోటికి అదే వచ్చుండును. మీతో తెలుగులో చెప్పాలని..." ఆగింది. "తెలుగులో దాన్ని ఏమంటారో నాకు తెలీదప్పా. ఇంట్లో సుణ్ణాంబుకు సున్నం అంటారు, అంతే తెలుసు. సత్తు వదిలిపెట్టి సున్నం అనేసినా."

"అయితే సున్నం కాదా?"

"ఆకుకు పూసేది కాదు. అందరికీ ఒంట్లో ఉండేది. ఎముక గట్టిగా ఉండేది దాంతోనే."

"మరి ఎక్కువ ఎట్లయింది? యాడ నుంచి వచ్చింది?"

"బయట నుంచి రాలేదప్పా. ఈ రోగం కొన్ని కుక్కలకి అట్ల చేస్తాది. దాని ఎముకల్లో ఉండేదాన్నే కరిగించి రక్తంలో కలుపుతాది. అది ఎక్కువైతే కిడ్నీ నీళ్ళు పట్టుకోలేదు. అంతా పోసేస్తాది. అందుకే అంత దాహం. నీళ్ళు పెట్టకుండా ఉండుంటే ఇన్ని దినాలు కూడా ఉండేది కాదు."

శ్రీనివాసన్ ఇత్తడి పళ్ళెం గుర్తుచేసుకున్నాడు. అక్క తన మాట వినకపోవడం గుర్తుచేసుకున్నాడు. గుల్లను బట్టీలో కాలిస్తే ఎట్లా విరిగిపోతుందో, వేలితో నొక్కితే ఎట్లా పొడి అవుతుందో తెలిసిన మనిషి. జాజి ముందుకాలు అరచేతిలోకి తీసుకుని, ఎముక మీద బొటనవేలితో చాలా మెల్లగా నిమిరాడు.

"అయితే నా వేలు కాదు."

"కాదప్పా. మీ వేలికీ దీనికీ ఏమీ లేదు. నేను చెప్పిన మాటకి మీరు ఇన్ని దినాలు..." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నన్ను తిట్టండప్పా."

ఆయన ఆమె వైపు చూడలేదు.

"నా వేలే అయ్యుంటే బాగుండునమ్మా," అన్నాడు. "కడుక్కొనుందును."

సెలైన్ చుక్క చుక్కగా దిగుతోంది. జీవిత చెయ్యి చాపి గొట్టం మీది చక్రాన్ని కొంచెం తిప్పింది, తిప్పాల్సిన అవసరం లేకపోయినా.

"ఎన్ని దినాలు?" అన్నాడు కాసేపటికి.

"సారు కూడా గట్టిగా చెప్పలేరప్పా. మాత్రలేస్తే గడ్డలు రొంత తగ్గుతాయి. సత్తు దిగుతాది. తింటాది, తిరుగుతాది. కొన్ని వారాలు, బాగుంటే కొన్ని నెలలు. తర్వాత మళ్ళీ వస్తాది."

"నా దగ్గర పెట్టుకోవచ్చునా?"

"మీ దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గరప్పా?"

*

గుడియాత్తం చేరేసరికి మారియమ్మ చివరి మూర అమ్ముకుని బుట్ట సర్దుకుంటోంది. ఆటోలోంచి జాజిని దించుతుంటే వచ్చి ఒక చెయ్యి వేసింది.

"తెచ్చేశారా? సున్నం దిగిందా?"

"అది నా సున్నం కాదట."

"మంచిదే కదా," అంది మారియమ్మ. ఆయన మొహం చూసి, ఇంకేదో అడగబోయి, అడగలేదు. బుట్టలో అడుగున మిగిలిన చిన్న మల్లెల ముక్క తీసి జాజి మెడ పట్టీకి ముడివేసి వెళ్ళిపోయింది.

శ్రీనివాసన్ షటరు ఎత్తి లోపలికి పోయాడు. ఆకుల గోనెలు నేల మీద నుంచి తీసి బల్ల పైకి ఎక్కించాడు. వక్కల డబ్బాలు కూడా ఎత్తి పెట్టాడు. గది నేలంతా ఖాళీ అయింది. ఇక ఎక్కడ తడిపినా ఫరవాలేదు. తొట్టి దాకా నడవలేదని వెడల్పాటి బేసిన్ తెచ్చి గడప పక్కన పెట్టి, అంచుదాకా నీళ్ళు పోశాడు. జాజి తాగింది. ఆయన మొహం తిప్పుకోకుండా చూశాడు. బేసిన్ తగ్గగానే మళ్ళీ పోశాడు.

"తాగవే. తాగు. ఎంత కావాల్నో అంత తాగు," అన్నాడు.

తర్వాత షటరు సగం దించి, గడప మీద కూర్చున్నాడు. మేల్పాడిలో అక్క తన మాట వినలేదని, జీవిత అనే పిల్ల ఏడ్చిందని, ఆమెది నాట్రంపల్లి అని, ఆమెకు కూడా తెలుగు చదవడం రాదని చెప్పాడు. చెబుతూ కుడిచెయ్యి జాజి మూతి పక్కన, నేల మీద పెట్టాడు.

జాజి వెంటనే కదలలేదు. మొన్న ఇదే చోట ఆ చెయ్యి లేచి పోవడం దానికి గుర్తుందేమో. కాసేపు చూసింది. మెడ సాచి వాసన చూసింది. చూపుడు వేలు నాకి, ఆగింది. ఇన్ని రోజులు పుల్లతో పూసినందుకు ఆ వేలు శుభ్రంగా ఉంది. గోటి సందులో కూడా తెలుపు లేదు. దానికి తెలిసిన రుచి ఏదీ అక్కడ లేదు. పక్క వేలు నాకి చూసింది, బొటనవేలు చూసింది, అరచెయ్యి చూసింది. తలెత్తి ఒకసారి ఆయన మొహంలోకి చూసి, మళ్ళీ మొదటి వేలి దగ్గరికే వచ్చింది.

శ్రీనివాసన్ కదలకుండా అట్లే పెట్టాడు.